ఔట్‌పుట్ 94.1 వస్తోంది, మెషీన్‌ని ముట్టుకోవాలా వద్దా?

వైజాగ్_ఫిజిక్స్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. రెండేళ్లకు పైగా వైజాగ్‌లో, బీచ్‌కి కూతవేటు దూరంలో ఉన్న ఒక సెంటర్‌లో పనిచేసి ఈ నెలే హైదరాబాద్ వచ్చాను. ఈరోజు ఆదివారం కదా, పేషెంట్లు ఉండరని లినాక్ (క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చే మెషీన్) 6 ఎంవీ బీమ్ ఔట్‌పుట్, అంటే అడిగినంత డోసు ఇస్తోందో లేదో, తీద్దామని కూర్చున్నా, ఇక పొద్దున్నుంచీ ఇదే టెన్షన్.

నీళ్ల ఫాంటమ్ (కొలతకి వాడే ట్యాంక్), 10 సెం.మీ. లోతులో 0.6 సీసీ ఫార్మర్ చాంబర్ (రేడియేషన్ కొలిచే సాధనం), 10×10 ఫీల్డ్, ఎస్ఎస్‌డీ (సోర్స్ నుంచి నీళ్ల పైభాగానికి దూరం) 100. 100 ఎంయూ (మెషీన్ డోసుని లెక్కపెట్టే యూనిట్) ఇస్తే డీమ్యాక్స్ (డోసు అన్నిటికన్నా ఎక్కువ పడే లోతు) దగ్గరికి మార్చాక 100 సెంటీగ్రే డోసు రావాలి, 94.1 వస్తోంది. చాంబర్ తీసి మళ్లీ పెట్టా, కేబుల్ మార్చా, లీకేజీ చూశా, చాంబర్ రీడింగ్‌కి వేసే పొలారిటీ, రీకాంబినేషన్ సవరణలు రెండూ మామూలుగానే ఉన్నాయి. మూడుసార్లు తీస్తే మూడుసార్లూ అదే 94.1. పోయిన నెల ఫైల్‌లో 100.2 అని ఉంది.

ఇంకో సంగతి, ఇక్కడి బారోమీటర్ డిస్‌ప్లే వెలగట్లేదు. అందుకని ప్రెషర్ ఫోన్‌లో వెదర్ యాప్ నుంచి తీసుకున్నా, 1008 హెక్టోపాస్కల్స్. నీళ్ల టెంపరేచర్ 22. వైజాగ్‌లో బారోమీటర్ క్యాలిబ్రేషన్‌కి వెళ్లినప్పుడు కూడా ఇలాగే యాప్‌లో చూసి చేసేవాళ్లం, అర శాతం కూడా తేడా వచ్చేది కాదు, కాబట్టి సమస్య అక్కడ ఉందనుకోవట్లేదు.

సర్వీస్ ఇంజినీర్ ఫోన్‌లో "ఎంయూ గెయిన్ కొంచెం పెంచితే సరిపోతుంది, రెండు నిమిషాల పని" అంటున్నారు, అంటే ఒక్కో ఎంయూకి మెషీన్ ఇచ్చే డోసుని పెంచేయడం. రేపు ఎనిమిదింటికల్లా పేషెంట్లు వచ్చేస్తారు. ఏం చేయమంటారు?

నీళ్లట్యాంక్

ముందు ఆ గెయిన్ జోలికి వెళ్లకండి మేడమ్, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

పోయిన నెల వర్క్‌షీట్ తెరిచి కేటీపీ (టెంపరేచర్, ప్రెషర్‌ల కోసం రీడింగ్‌కి వేసే సవరణ) ఎంత వేశారో చూడండి. 1.07 దగ్గర ఉంటుందని నా పందెం. మీరు వేసింది 1.012 అయ్యుంటుంది.

మీరు వేలు పెట్టి చూపించి మరీ కాదన్న చోటే సమస్య ఉంది. వెదర్ యాప్‌లో కనిపించేది మీ గదిలో ఉన్న ప్రెషర్ కాదు, సముద్ర మట్టానికి దించి లెక్కగట్టిన ప్రెషర్. ఊరూరికీ పోల్చుకుని వాతావరణం చెప్పడానికి వాళ్లకి అలాగే కావాలి. వైజాగ్ బీచ్ పక్కన రెండూ దాదాపు ఒకటే కాబట్టి మీకు అక్కడ చెల్లిపోయింది. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ బంకర్‌లో (మెషీన్ గదిలో) నిజంగా ఉండేది 950కి అటూ ఇటూ.

చాంబర్‌లో ఉన్నది మామూలు గాలి, సన్నటి దారిలో బయటి గాలితో కలిసే ఉంటుంది. ప్రెషర్ తగ్గితే ఆ 0.6 సీసీలో గాలి తగ్గుతుంది, గాలి తగ్గితే అయాన్లు తగ్గుతాయి, బీమ్ అంతే ఉన్నా ఎలక్ట్రోమీటర్ తక్కువ చూపిస్తుంది. ఆ లోటు పూడ్చడానికే కేటీపీ. ట్రాంబే క్యాలిబ్రేషన్ ల్యాబ్ నుంచి వచ్చిన మీ చాంబర్ సర్టిఫికెట్ 20 డిగ్రీలు, 1013.25 హెక్టోపాస్కల్స్‌కి రాసి ఉంటుంది, మనమేమో దక్కన్ పీఠభూమి మీద కూర్చున్నాం. ఈరోజు ప్రెషర్ 948 అనుకుని వేసి చూడండి: (295.2/293.2) × (1013.25/948) = 1.076. 1.012 బదులు ఇది వేస్తే మీ 94.1 కాస్తా 100.1 అవుతుంది. అంటే మెషీన్ బాగానే ఉన్నట్టు. కానీ ఈ 948 నేను ఊహించి వేసింది, దాన్ని రికార్డులో రాసేయకండి, బారోమీటర్ తెచ్చి కొలవండి.

మా_అమ్మ_కోసం

నేను ఫిజిక్స్ మనిషిని కాదు, మా అమ్మకి కరెంట్ (రేడియేషన్) పెడుతున్నారు (25 సిట్టింగ్‌లు, ఇప్పటికి 11 అయ్యాయి), దాని గురించి వెతుకుతుంటే ఇది కనిపించింది. చదివాక భయమేస్తోంది. ఈవిడ ఇంజినీర్ మాట విని ఆ బటన్ తిప్పేసి ఉంటే ఏమయ్యేది? ఎవరైనా మామూలు భాషలో చెప్తారా?

రిటైర్డ్_ఆర్ఎస్ఓ

బాబూ, నేను చెప్తాను, ఈ రేడియేషన్ సేఫ్టీ పని ముప్పై ఏళ్లు చేసి దిగిపోయినవాణ్ణి.

తిప్పి ఉంటే మెషీన్ 100 అని చెప్పి 106 ఇచ్చేది. 25 సిట్టింగ్‌లు, రోజుకి 2 గ్రే చొప్పున 50 గ్రే అనుకో. మూడు గ్రే పైచిలుకు ఎక్కువ పడేది, అంటే డాక్టర్ రాయని ఒకటిన్నర సిట్టింగ్ అదనం. ఇచ్చే డోసు రాసినదానికి 5 శాతం లోపల ఉండాలని ఐసీఆర్‌యూ (రేడియేషన్ కొలతల అంతర్జాతీయ కమిషన్) 1976లోనే చెప్పింది, ఇది ఆ గీత దాటిపోతుంది. అంతకన్నా చెడ్డ విషయం ఇంకోటుంది. మరుసటి నెల అదే యాప్‌తో కొలిస్తే మళ్లీ 100 వస్తుంది! తప్పు కొలతతో సర్దిన మెషీన్‌ని అదే తప్పు కొలతతో చూస్తే ఎప్పటికీ బాగానే కనిపిస్తుంది. బయటివాళ్లు కొలిస్తేనే దొరుకుతుంది. 1969 నుంచి ఐఏఈఏ (అంతర్జాతీయ అణుశక్తి సంస్థ), డబ్ల్యూహెచ్ఓ కలిసి చిన్న డోసిమీటర్లు పోస్టులో పంపించి ఆసుపత్రుల బీమ్‌లు సరిచూస్తున్నది అందుకే.

1996లో కోస్టారికాలో ఒక కోబాల్ట్ మెషీన్‌కి సోర్స్ (రేడియేషన్ వెలువరించే పదార్థం) మార్చాక క్యాలిబ్రేషన్‌లో 0.3 నిమిషాన్ని 30 సెకన్లుగా తీసుకున్నారు. 0.3 నిమిషం అంటే 18 సెకన్లు. అంతే, దశాంశం దగ్గర ఒక్క పొరపాటు, 115 మంది మీద ఉండాల్సిన దానికన్నా సగానికి పైగా ఎక్కువ డోసు పడింది. అక్కడ మెషీన్ తప్పేమీ లేదు.

నీ భయం నాకర్థమైంది. కానీ ఇక్కడ జరిగింది చూడు, అంకె తేడా వచ్చిందని ఈ అమ్మాయి ఆదివారం పూట కూర్చుని నలుగురిని అడుగుతోంది. రోజూ పొద్దున పేషెంట్లకు ముందు కూడా ఔట్‌పుట్ చెక్ చేస్తారు, 3 శాతం దాటితే ఆపి చూస్తారు. మీ సెంటర్‌లో ఫిజిసిస్ట్‌ని నేరుగా అడుగు, చెప్తారు, మాకు ఎవరూ ఏమీ అడగరనే బాధ.

అమ్మా వైజాగ్, నీకు రెండు మాటలు. ఒకటి, ఆ రోజువారీ చెక్ రీడింగులు ఎలా ఉన్నాయి? నిన్నటివరకూ నిలకడగా ఉంటే రాత్రికి రాత్రి 6 శాతం ఎలా పడిపోతుంది? రెండు, పక్క సెంటర్‌కి ఫోన్ కొట్టి బారోమీటర్ అడుగు, ఎవరూ లేదనరు. ఎయిర్‌పోర్ట్ ప్రెషర్ మాత్రం వాడకు, పైలట్లకి చెప్పేది కూడా సముద్ర మట్టానికి దించిందే, పైగా శంషాబాద్ మనకన్నా ఇంకా ఎత్తు, 617 మీటర్లు.

వైజాగ్_ఫిజిక్స్

నీళ్లట్యాంక్ గారూ, పందెం మీరే గెలిచారు. పోయిన నెల కేటీపీ 1.073. ఆ అంకె చూసి కూడా "ఇక్కడ గది వేడిగా ఉంటుందేమో" అనుకుని పేజీ తిప్పేశాను, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

రోజువారీ చెక్ నెలంతా ఒక శాతం లోపే ఉంది. రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న సెంటర్‌ నుంచి బారోమీటర్ తెచ్చాను, సాయంత్రం 949 చూపించింది. నీళ్ల టెంపరేచర్ ఈలోగా 22.6 అయింది. మళ్లీ తీశాను, 99.9. ఏమీ తిప్పలేదు, ఇంజినీర్‌కి రావొద్దని చెప్పేశాను.

నీళ్లట్యాంక్

బాగుంది. ఆ 0.6 డిగ్రీ ఎందుకు పెరిగింది? పొద్దున్నే ట్యాంక్ నింపారా?

వైజాగ్_ఫిజిక్స్

అవునండి, ఆర్ఓ నీళ్లు పట్టి అరగంటలో మొదలుపెట్టా. అదీ తప్పేనా?

నీళ్లట్యాంక్

ఈరోజుకి గండం గడిచింది, 0.6 అంటే 0.2 శాతం. కానీ ఎండాకాలంలో పైట్యాంక్ నీళ్లు పట్టి ఏసీ గదిలో పెడితే ఐదారు డిగ్రీలు తేడా ఉంటుంది, మూడు డిగ్రీలకి ఒక శాతం చొప్పున లెక్కేసుకోండి. నేను ముందు రోజు రాత్రే నింపి ఏసీ ఆన్‌లో ఉంచి వెళ్తా. థర్మామీటర్ కూడా గోడ మీదది కాదు, నీళ్లలో చాంబర్ పక్కన ఉండాలి.

ఇంకోటి, మీ ఎక్సెల్ షీట్‌లో ప్రెషర్ గడికి 940 నుంచి 960 అని హద్దు పెట్టండి, దాటితే ఎర్రబడేలా. మా దగ్గర అలాగే పెట్టాం. ఎందుకు పెట్టాల్సి వచ్చిందో మాత్రం అడగొద్దు.

వైజాగ్_ఫిజిక్స్

హహ, అడగనులెండి. హద్దు పెట్టేశాను. కొత్త బారోమీటర్‌కి ఇండెంట్ కూడా రాశా, ఈసారి రెండు అడిగాను.