పదహారేళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఆపేయాలా?

గాజువాక అమ్మ:
ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్లలోపు వాళ్లకు ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ లాంటి వాటిలో ఖాతాలు ఉండకూడదన్నారు. ఆపాల్సిన బాధ్యత కంపెనీలదే, పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ జరిమానా లేదు. మన దగ్గరా ఇదే రావాలి. మా వాడు పదో తరగతి. రాత్రి ఒంటిగంటకు లేచి చూస్తే దుప్పటి లోపల వెలుగు. పిలిస్తే "ఒక్క రీల్ అమ్మా" అంటాడు.

ఎంవీపీ కాలనీ మాస్టారు:
మీ బాధ అర్థమైందమ్మా. కానీ 2020 జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్ ఆపారు కదా, పది రోజులు తిరక్కుండానే ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ వచ్చాయి. పిల్లలు అటు వెళ్లిపోయారు. ఒక తలుపు మూస్తే ఇంకోటి తీసుకుంటారు. అసలు దేన్నుంచి పారిపోతున్నారో అడగాలి.

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఒక అమ్మాయి పొద్దున ఆరున్నరకు ఇల్లు వదిలితే రాత్రి తొమ్మిదికి చేరుతుంది. ప్రతివారం టెస్టు, ర్యాంకులు గోడ మీద. "ఫోన్‌లో ఏం చూస్తావమ్మా?" అని అడిగాను. "ఎవరో కూరగాయలు తరుగుతూ వంట చేస్తుంటారు సర్. అక్కడ నా ర్యాంకు ఎవరూ అడగరు" అంది. వాళ్లింటి నుంచి ఆర్కే బీచ్ పావుగంట. చివరిసారి ఎప్పుడెళ్లావంటే గుర్తు రాలేదు. ఈ పిల్ల ఫోన్ లాగేసుకుంటే మిగిలేది ఆ గోడ మీద కాగితమే.

గాజువాక అమ్మ:
ఆ అమ్మాయి మాట చదివి కళ్లు చెమర్చాయి మాస్టారూ. కానీ కూర వండటం చూసి పడుకుంటే నేనూ ఏమీ అనను. సినిమాకైతే శుభం కార్డు పడుతుంది, నవలకు చివరి పేజీ ఉంటుంది. రీల్స్‌కు ఏదీ లేదు, వేలు కదిపినంతసేపూ వస్తూనే ఉంటాయి. అలా తయారుచేసిందే వదలకుండా చూడటానికి. పెద్దదాన్ని, నేనే ఆపలేకపోతున్నాను. పదిహేనేళ్లవాడు ఆపగలడా? ఇన్‌స్టాగ్రామ్‌కు 13 నిండాలన్న రూలు ఉంది, పుట్టిన సంవత్సరం మార్చేసి మావాడు ముందే చేరాడు. కంపెనీ ఒక్కసారి అడగలేదు.

ఎంవీపీ కాలనీ మాస్టారు:
కంపెనీల మెడలు వంచాలన్నది ఒప్పుకుంటాను. ఒక్క మాట అడుగుతాను, కోపం వద్దు. దుప్పటి కింద ఏం చూస్తున్నాడో పక్కన కూర్చుని ఎప్పుడైనా చూశారా?

గాజువాక అమ్మ:
లేదండి. లాక్కున్నాను గానీ చూడలేదు. ఇవాళ రాత్రి కూర్చుంటాను. చట్టం మాత్రం రావాల్సిందే.