పుంటియస్‌ని పరిగె అనేయొచ్చా?

ప్రశ్న: చెరువు చేపల మైటోకాండ్రియా జన్యువుల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నానండీ. పుంటియస్ అనే చేపల శాస్త్రీయ నామం వచ్చిన ప్రతిచోటా పరిగె అని రాసేస్తే సరిపోతుందా?

జవాబు: వద్దండీ. పరిగె అంటే మనవాళ్లకి వెండి పొలుసుల చిన్న చేప, పులుసుకో వేపుడుకో పోయేది, దాని వంశం ఏమిటని బుట్ట దగ్గర ఎవరూ అడగరు. నిజానికి పుంటియస్ కూడా చాలాకాలం గోనెసంచి లాంటి పేరే, దొరికిన చిన్న బార్బ్ చేపలన్నీ అందులోనే కుక్కారు. 2012లో శ్రీలంక పరిశోధకులు రోహన్ పెథియగొడ, మాధవ మీగస్కుంబుర, కలన మడువగే ఆ సంచి విప్పారు. 16ఎస్, సైటోక్రోమ్ బి అనే రెండు మైటోకాండ్రియా జన్యువులు పోల్చి, ఎముకలూ రెక్కలూ కూడా చూసి, అందులోని దక్షిణాసియా చేపల్ని ఐదు ప్రజాతులుగా, అంటే దగ్గరి జాతుల గుంపులుగా, విడదీశారు: పుంటియస్, సిస్టోమస్, డాకిన్సియా, ద్రవిడియా, పెథియా. పెథియా అని చూసి పెథియగొడ తన ఇంటిపేరే పెట్టుకున్నాడనుకునేరు, సింహళంలో ఇలాంటి చిన్న చేపల్ని పెథియా అంటారు. ద్రవిడియా పేరు అప్పటికే ఒక ఈగకి ఉందని తేలి మరుసటి ఏడే హలుదారియాగా మార్చాల్సి వచ్చింది!

కామెంటు: మాస్టారూ, ఆ జన్యువులు తల్లి నుంచే వస్తాయి కదా, తండ్రి వైపు చూడకుండా చుట్టరికం ఎలా తేలుస్తారు?

జవాబు: మంచి ప్రశ్న బాబూ. చేపల్లో మైటోకాండ్రియా డీఎన్‌ఏ సుమారు 16,500 అక్షరాల ఉంగరం, అందులో 37 జన్యువులు. తండ్రి వైపుది వచ్చి కలవదు కాబట్టి తల్లి వరస చిక్కుపడకుండా దొరుకుతుంది, పైగా మార్పులు త్వరగా పోగవుతాయి కాబట్టి దగ్గరి చుట్టాల్ని కూడా విడదీయొచ్చు. చిక్కల్లా సంకరంతోనే. ఎప్పుడో రెండు జాతులు కలిసి ఉంటే ఒంటి తీరు ఒకదానిదీ మైటోకాండ్రియా ఇంకొకదానిదీ అయి కూర్చుంటుంది. అందుకే తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే కణ కేంద్రకంలోని జన్యువులు, ఒంటి లక్షణాలు కూడా చూడాలంటారు. చేతితోనే తెలిసే తేడా ఒకటుంది: వీపు రెక్క ముందు వైపు చీలిక లేని ముళ్లలో చివరిది, గట్టిగా ఉండేది, దాని వెనక అంచు మీద గోటితో గీకి చూడు. పెథియాకి రంపంలా పళ్లు తగులుతాయి, పుంటియస్‌కి నున్నగా ఉంటుంది. రెండూ మన బుట్టలో పరిగెలే.

ఇంకో కామెంటు: కోత అయ్యాక పొలంలో ఏరుకునే పరిగె కూడా ఈ మాటేనా అన్నా?

జవాబు: చెవికి ఒకటేలా వినిపించాయని చుట్టరికం కలిపేయకు తమ్ముడూ, పాత ప్రయోగాలు చూపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం. పుంటియస్ అయితే బెంగాలీ పుంటి నుంచి వచ్చింది, 1822లో హామిల్టన్ గంగ చేపల పుస్తకంలో ఆ పేరు పెట్టాడు.

ఇక మీ అనువాదానికొస్తే, మొదటిసారి వచ్చినచోట "పరిగెల్లో ఒక ప్రజాతి, పుంటియస్" అని రాసి, తర్వాత పుంటియస్ అనే ఉంచండి. వ్యాసం 2012కి ముందుదైతే పేర్లు సరిచూసుకోండి, అందులోని పుంటియస్ టిక్టో ఇప్పుడు పెథియా టిక్టో.