మంచిగున్న పిల్లగానికి చెకప్ అవసరమా?

హన్మకొండ అమ్మ:
మా బాబుకు నాలుగున్నర నిండింది. అప్పుడప్పుడు జలుబు తప్ప వేరే రోగం లేదు. మొన్న ఒక ప్రైవేటు దవాఖాన వాళ్లు పిల్లల హెల్త్ ప్యాకేజీ అని కాగితం చేతిలో పెట్టారు. థైరాయిడ్, విటమిన్ డి, లివర్, కిడ్నీ, అన్నీ రక్తపరీక్షలే. మా అత్తమ్మేమో ‘ఆడుకునే పిలగాన్ని పట్టుకొని సూదులు పొడిపిస్తరా’ అని ఒకటే గొడవ. మా ఆయన ‘చేయించేస్తే టెన్షన్ పోతది కదా’ అంటారు. ఏ రోగం లేకున్నా చూపించాల్నా? మీరేం చేస్తున్నారు?

కాజీపేట నాన్న:
టెన్షన్ పోదక్కా, వస్తది! మేం చేయిస్తే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనేది ఎక్కువుందని రిపోర్టులో గుర్తు పెట్టి ఇచ్చారు. డాక్టరును కలిసేదాకా మా ఆవిడకు అన్నం సహించలేదు. ఆయన చూసి, ఎముకలు పెరిగే వయసు కదా, పెద్దవాళ్లకంటే ఎక్కువే ఉంటది, పొమ్మన్నారు.

పరకాల అంగన్‌వాడీ టీచర్:
మీ అత్తమ్మ మాటలో సగం న్యాయం ఉందమ్మా. డాక్టరు అడగనిదే సూదులొద్దు. చూపించడం మాత్రం మానొద్దు. చెకప్ అంటే ముందు బరువు, ఎత్తు, కన్ను, చెవి, పన్ను, మాట. బరువు ఇవాళ ఎంతుందన్నది కాదు, పోయిన నెల ఎంతుండె అన్నది చూడాలి.

మా సెంటర్లో మూడేళ్ల పాప ఒకతి, మహా చలాకీ. నెలనెలా బరువు గుర్తుపెట్టే చార్టులో చుక్కలు మాత్రం పైకి పోకుండా అడ్డంగా నడుస్తున్నాయి. వాళ్లమ్మ ‘మా ఇంట్ల అందరం గింతే టీచరమ్మా’ అని నవ్వింది. జబ్బకు కొలత పట్టీ వేస్తే పసుపు చూపింది, అంటే పోషణ తక్కువైందని హెచ్చరిక. 11.5 సెంటీమీటర్లకు తగ్గితే ఎరుపు, అప్పుడిక ఆలస్యం చేయొద్దు. కూర్చోబెట్టి అడిగితే తెలిసింది: పొద్దున లేవగానే చాయ్, బిస్కెట్లు, మళ్లీ పదింటికి చాయ్. ఇక అన్నం ఎక్కడ దిగుతుంది? చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు కూడా. చాయ్ మాన్పించాక చుక్క లేచింది.

పిల్లలకు సర్కారు చేసే ఆరోగ్య పరీక్షల పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, 2013లో మొదలైంది. ఆ డాక్టర్లు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకు ఒకసారి రావాలి. మీ బాబు ప్రైవేటు బడి అయితే ఆ బాధ్యత మీదే.

సుబేదారి అమ్మ:
కళ్లు మరవకండి. మా పాప టీవీకి దగ్గరగా కూర్చునేది కాదు, తలనొప్పి అన్నదీ లేదు. డాక్టరు ఒక్కో కన్ను మూసి చదివిస్తేనే ఎడమ కన్ను సంగతి బయటపడింది. లేజీ ఐ అన్నారు, అంటే ఆ కన్ను సరిగా పనిచేయక చూపు మందగించడం. అది పనిచేయాలని మంచి కన్నుకు రోజూ కొన్ని గంటలు ప్యాచ్. పీకి పారేస్తుంటే దాని మీద సీతాకోకచిలుక స్టిక్కర్ అంటించి ఒప్పించా. ఏడేళ్లలోపైతే చూపు బాగా తిరిగొస్తుందట.

హన్మకొండ అమ్మ:
ప్యాకేజీ వద్దని చెప్పేశా. మా పిల్లల డాక్టరు దగ్గరికే తీసుకెళ్తాం, కళ్లు కూడా చూపిస్తాం. టీకాలేమైనా మిగిలాయా టీచర్ గారూ?

పరకాల అంగన్‌వాడీ టీచర్:
ఐదు నిండాక డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే టీకా) రెండో బూస్టర్ ఉందమ్మా, ఆరు లోపు వేయించండి. విటమిన్ ఎ సిరప్ ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి. టీకాల కార్డు పారేయలేదు కదా?