పాత వ్యాగన్ అలాయ్‌లు: ఇంట్లోనే అద్దంలా పాలిష్ చేయాలా, సిల్వర్ పెయింటే మేలా?

గోదావరి_వ్యాగన్ (కాకినాడ)
అందరికీ నమస్కారం. మా ఇంట్లో 2003 మోడల్ బాలెనో ఆల్టురా ఉంది. తెలియనివాళ్లకి చెబుతున్నా, ఇప్పుడు షోరూంలో ఉండే చిన్న బాలెనో కాదు. అప్పటి సెడాన్ బాలెనోకి వెనక పొడుగు డిక్కీ పెట్టిన స్టేషన్ వ్యాగన్, 1590 సీసీ పెట్రోల్ ఇంజిన్. నాన్న 2006లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. రెండేళ్లుగా ఆదివారాలు ఇంటి పక్క షెడ్డులో దీని పనే. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు మార్చాను. సస్పెన్షన్ బుష్‌లు అయ్యాయి. తలమీదకి జారిన రూఫ్ లైనింగ్ మళ్లీ అంటించాను. డిక్కీ డోరు అడుగున తుప్పు కోయించి కొత్త రేకు వెల్డింగ్ చేయించాను. ముందు సగానికి సెడాన్ సామాను సరిపోతుంది, వెనక సగానిదే ఏదీ దొరకదు. ఒక్క టెయిల్ ల్యాంప్ కోసం ఏడు నెలలు తిరిగాను.

ఇప్పుడు చక్రాల వంతు. అలాయ్ చక్రాల మీద క్లియర్ కోటు (రంగు లేని పై పూత) పొరలుగా లేచిపోయింది. దాని కింద తెల్లటి గీతలు చెదల దారుల్లా పాకాయి. పూతంతా తీసేసి ఇంట్లోనే అద్దంలా పాలిష్ చేద్దామని నాకుంది. మా బావమరిదేమో సిల్వర్ పెయింట్ కొట్టి వదిలేయమంటాడు. మీరేమంటారు?

ఒరిజినల్_మూర్తి (హైదరాబాద్)
ఇందులో చర్చించడానికి ఏముంది? కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలా చేస్తేనే రిస్టోరేషన్. ఆ కాలపు అలాయ్‌లకి సిల్వర్ పెయింట్, పైన క్లియర్ కోటు. అద్దం మెరుపు పెడితే పెళ్లి బ్యాండువాళ్ల బూరలా ఉంటుంది. పైగా కంపెనీ ఇచ్చినదాన్ని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. రేపు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్తే ఆర్టీఓ ఆఫీసులో ఆపేస్తారు.

సునీత_స్టీరింగ్
మూర్తి గారూ, ఆ తీర్పు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద. ఆర్‌సీలో ఉన్న వివరాలకీ, కంపెనీ స్పెసిఫికేషన్‌కీ తేడా వచ్చేలా మార్పులు చేయకూడదని. చక్రం ఎంత మెరుస్తుందో ఆర్‌సీలో రాయరు కదండీ. బాడీ రంగు మారిస్తే మాత్రం ఆర్‌సీలో ఎక్కించుకోవాలి.
వ్యాగన్ గారూ, టైర్ల తేదీ చూశారా?

గోదావరి_వ్యాగన్
చూశానండీ. నాలుగూ 2322. అంటే 2022లో 23వ వారం.

పొదుపు_లక్ష్మి
మా ఇంట్లో ఇత్తడి బిందెలు చింతపండు, ఉప్పుతోనే మెరుస్తాయి. ఒకసారి రుద్ది చూడండి, పైసా ఖర్చుండదు.

బఫ్_బాషా (విజయవాడ)
అమ్మా, ఇత్తడి వేరు, అలాయ్ వేరు. ఇది అల్యూమినియం. ఇంట్లో మనం సిల్వర్ గిన్నె అంటామే, అదే జాతి. పులుపూ ఉప్పూ కలిపి రుద్దితే దాన్ని తినేస్తాయి. సిల్వర్ గిన్నెలో రాత్రంతా పులుసు ఉంచొద్దని పెద్దవాళ్లు అందుకే అంటారు.

పొదుపు_లక్ష్మి
మేం ముప్పై ఏళ్ల నుంచి ఉంచుతున్నాం. ఏమీ కాలేదు.

బఫ్_బాషా
సరే అమ్మా, మీ గిన్నె మీ ఇష్టం.
వ్యాగన్ అన్నకి చెబుతున్నా. నాది పాలిషింగ్ పనే. పద్దెనిమిదేళ్లుగా బస్సుల స్టీలు రాడ్లు, లారీల వీల్ కప్పులు, అలాయ్‌లు చేస్తున్నా. అద్దం మెరుపు ఎందుకు రాదు, వస్తుంది. కానీ చాలామంది చివర రుద్దే సబ్బు (పాలిష్ మసాలా) గురించి అడుగుతారు, మెరుపు వచ్చేది మొదటి పేపర్లో. ముందు టైరు విప్పాలి. పెయింట్ రిమూవర్‌తో పాత పూత మొత్తం పోవాలి. తర్వాత 220 నంబరు వాటర్ పేపర్‌తో (గరుకు కాగితం, నంబరు పెరిగేకొద్దీ నున్నన) ఆ తెల్ల గీతల గుంటలు కనపడకుండా పోయేదాకా రుద్దాలి. ఆ తర్వాత 400, 800, 1500, 2000. పేపర్ మారినప్పుడల్లా అడ్డంగా రుద్దు, వెనకటి గీతలు మిగిలాయో లేదో తెలుస్తుంది. ఆఖర్న గుడ్డ బఫ్ (గిర్రున తిరుగుతూ రుద్దే గుడ్డ చక్రం), ముందు ముదురు సబ్బు, తర్వాత తెల్ల సబ్బు.
ఇంతా చేశాక నీ ఊరు కాకినాడ. ఒట్టి అల్యూమినియం గాలి తగలగానే పైన పొర కడుతుంది. ఉప్పు గాలిలో వానాకాలం ఒక్కటి గడిస్తే మసక. నెలనెలా వ్యాక్స్ పెట్టే ఓపిక ఉందా? మళ్లీ క్లియర్ కోటు కొడతానంటావేమో, అద్దంలాంటి నున్నటిదాని మీద అది సరిగ్గా పట్టదు. ఒక్క రాయి తగిలి చిన్న ముక్క లేచిందంటే అక్కణ్ణుంచి మళ్లీ అదే చెద.

గోదావరి_వ్యాగన్
థ్యాంక్స్ అన్నా. నేను 400తో మొదలుపెట్టాను. పర్లేదా? డ్రిల్లుకి తగిలించే చిన్న బఫ్ కొన్నాను.

బఫ్_బాషా
400తో గుంట పోదు. గుంట అంచు నున్నబడుతుంది, అంతే. మెరుపొచ్చాక ఇంకా బాగా కనిపిస్తుంది.

గోదావరి_వ్యాగన్
వీడియోలో 400 నుంచే చూపించారే.

బఫ్_బాషా
ఆ వీడియోలో చక్రానికి చెద ఉందా?

నల్లగొండ_నాని
ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ పోస్తే పాత రబ్బరు పైపుల సంగతేంటో ముందు చెప్పండయ్యా.

సునీత_స్టీరింగ్
దానికి వేరే చర్చ నడుస్తోంది నానీ. అక్కడ పోట్లాడుకుందాం.

ఒరిజినల్_మూర్తి
400, 220 అంటూ అందరూ అసలు ప్రశ్న వదిలేశారు. 220 పేపర్‌తో రుద్దితే కంపెనీ పోత ఉపరితలం శాశ్వతంగా పోతుంది. పోయింది మళ్లీ రాదు. రిస్టోరేషన్ కాదది, విధ్వంసం.

గోదావరి_వ్యాగన్
మూర్తి గారూ, నిజం చెప్పాలంటే ఇవి బండితోపాటు వచ్చినవో, మొదటి ఓనర్ తర్వాత వేయించుకున్నవో మా నాన్నకే తెలియదు. వెనక వైపు 14 అంగుళాల సైజు, జేడబ్ల్యూఎల్ ముద్ర ఉన్నాయి. అంతే.

ఒరిజినల్_మూర్తి
జేడబ్ల్యూఎల్ ఉంటే కంపెనీదే.

సునీత_స్టీరింగ్
కాదండీ. అది జపాన్ వాళ్ల అలాయ్ చక్రాల ప్రమాణం ముద్ర. బయట కొన్న చక్రాల మీద కూడా ఉంటుంది.

ఒరిజినల్_మూర్తి
అయితే కంపెనీ చక్రాలు వెతికి కొనాలి. లేకపోతే కనీసం కంపెనీ రంగు వేయాలి.

డల్లాస్_రవి
నేను ఇక్కడ 1990 వోల్వో 240 వ్యాగన్ ఉంచుకున్నాను. 1974 నుంచి 1993 దాకా పెద్దగా మారకుండా తయారైన పెట్టెలాంటి బండి. దాని నాలుగు చక్రాలూ నా గ్యారేజీలో నేనే చేశాను, మూడు వీకెండ్‌లు పట్టింది. ఇక్కడ ఎవరి పని వాళ్లే చేసుకుంటారు. మన దగ్గరే చిన్న పనికీ షాపుకి పరిగెత్తడం, వాడు నాశనం చేశాడని తర్వాత ఏడవడం. బ్రదర్, నువ్వు కానిచ్చెయ్.

బఫ్_బాషా
రవి గారూ, అక్కడ కూలి డాలర్లలో కాబట్టి మీరే చేసుకుంటారు. అంతేగానీ మీ చేతికేదో ప్రత్యేకమైన విద్య వచ్చి కాదు. "వాడు నాశనం చేశాడు" అన్నారు చూడండి, ఆ వాడిలో నేనూ ఉన్నాను.

గోదావరి_వ్యాగన్
బాషా అన్నా, కోపం తెచ్చుకోకు గానీ రవి గారన్నది అబద్ధం కాదు. కిందటేడు ఒక షాపుకి బంపరు పెయింటుకిస్తే క్లిప్పులు విరగ్గొట్టి స్క్రూలు బిగించి ఇచ్చారు. అడిగితే "పాత బండి కదా సార్" అన్నారు. ఇంకోచోట డిక్కీ షాకర్లు మార్చమంటే పాతవాటికే నల్ల రంగేసి పెట్టారు. ఆటోనగర్లలో అందరూ అంతే అని ఊరికే అనరు.

బఫ్_బాషా
అందరూ అంతేనా. సరే, అయితే ఇక్కడే చెబుతా. పదిహేను రోజుల క్రితం నాకు విడిగా మెసేజ్ పెట్టి రేటు అడిగింది ఎవరు? చక్రానికి 1,200 అన్నాను. టైరు విప్పడం, పూత తీయడం, రుద్దడం, బఫ్, అన్నీ కలిపి. ఒక చక్రానికి నా కుర్రాడికి ముప్పూట పని. "అంతెక్కువా, ఇంట్లో చేసుకుంటాలే" అని పెట్టి, ఇక్కడికొచ్చి ఏ పేపర్ వాడాలో నన్నే అడుగుతున్నావు. నేను చెప్పాను కూడా. చెప్పింది తప్పని వీడియో చూపిస్తావు.
నువ్వు నాలుగు చక్రాలకి నాలుగు ఆదివారాలు ఆ దుమ్ము పీలుస్తావు. నేను పద్దెనిమిదేళ్లుగా పీలుస్తున్నా. తెల్లారి లేస్తే నల్లటి కఫం. మా మేస్త్రీ యాభై రెండేళ్లకే మెట్లెక్కలేకపోయాడు. 1,200లో అదీ ఉంది.

పొదుపు_లక్ష్మి
అయ్యో బాబూ, మాస్కు పెట్టుకోరా?

బఫ్_బాషా
ఇప్పుడు పెట్టుకుంటున్నామమ్మా. మొదట్లో తెలియక చేతి రుమాలే కట్టుకునేవాళ్లం.

ఒరిజినల్_మూర్తి
రేట్ల గొడవ మీరిద్దరూ విడిగా తేల్చుకోండి. నేను ఒరిజినల్ అని ఎందుకు పట్టుబడుతున్నానో చెప్తాను. నా దగ్గర 1994 టాటా ఎస్టేట్ ఉండేది. సియెర్రా తర్వాత 1992లో వచ్చిన డీజిల్ వ్యాగన్. "చక్కగా చేస్తాం" అని ఒక షాపువాళ్లు తీసుకుని, బాడీ లైన్లన్నీ పుట్టీతో పూడ్చి, చక్రాలకి వెండి రంగు స్ప్రే కొట్టి ఇచ్చారు. ఏడాదిలో పుట్టీ పెచ్చులూడింది. దాన్ని బాగుచేయించే ఓపిక నాకు లేకపోయింది. 2011లో కాటాకిచ్చేశాను. కిలోల లెక్కన. వెనక అద్దం ఒక్కటి దాచుకున్నాను, ఇంకా మేడ మీద ఉంది. ఉన్నదాన్ని ముట్టుకోకపోతే బతికుండేది.

డల్లాస్_రవి
సారీ మూర్తి గారూ. మంచి బండి అది.

గోదావరి_వ్యాగన్
బాషా అన్నా, 1,200 ఎక్కువ కాదు. నాకూ తెలుసు. ఆ మెసేజ్‌లో రేటు కింద ఇంకో వాక్యం రాశావు, గుర్తుందా? "ఆ బండికి ఇంత ఖర్చు దేనికన్నా, అమ్మేసి ఇంకోటి చూసుకో" అని. నాకు మండింది అక్కడ. రెండేళ్లలో ఏ షాపు గడప తొక్కినా మొదటి మాట అదే. వెల్డింగ్ ఆయనా అన్నాడు, ఏసీ ఆయనా అన్నాడు, మా బావమరిది రోజూ అంటాడు. 2023లో రెన్యువల్‌కి 5,000 కట్టినప్పుడు అక్కడి ఏజెంటూ అన్నాడు. ఇరవై ఏళ్లు దాటిన కార్లకి 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు, 2028లో ఇంకెంతమంది అంటారో. షెడ్డులో నేనొక్కణ్ణే ఉంటే ఆ మాట అనేవాళ్లుండరు. అందుకే ఇంట్లో చేస్తానన్నాను, డబ్బు కోసం కాదు.

బఫ్_బాషా
ఆ మాట నేను మోసం చేయడానికి అనలేదు. బండి అమ్మితే అరవై వేలు కూడా రాదేమో, స్టెప్నీతో కలిపి చక్రాలకే ఆరు వేలు పెట్టిస్తే రేపు నన్ను తిట్టుకుంటావని అన్నాను. పని వద్దనుకునే మేస్త్రీ ఎవడుంటాడు? చాలామంది చేయించుకున్నాక "ముందే చెప్పొచ్చుగా" అంటారు. నాకూ అలాంటివాళ్లు తగిలారు.

గోదావరి_వ్యాగన్
అన్నావు సరే. ఒకసారి బండి చూసి అనుంటే బాగుండేది.

బఫ్_బాషా
ఫోటో పెట్టు మరి. చక్రం కాదు, బండి మొత్తం.

*(నాలుగు రోజుల తర్వాత)*

బఫ్_బాషా
ఫోటోలు చూశాను. డిక్కీ డోరు అతుకు ఎక్కడుందో కనిపెట్టలేకపోయాను. బాగా చేయించావు.
చక్రాల సంగతి. స్టెప్నీ కూడా అలాయే కదా. ముందు అదొక్కటే రుద్దు, 220తోనే మొదలుపెట్టు. మెరుపొచ్చాక ఏమీ పూయకుండా మేడ మీద మూడు వారాలు వదిలెయ్. నీకే తెలుస్తుంది. ఇనుము మీద వాడిన బఫ్ దీనికి వాడకు. అల్యూమినియం దుమ్ము కుప్పపడిన చోట గ్రైండర్ పెట్టకు, నిప్పురవ్వ పడితే భగ్గుమంటుంది. మంచి మాస్కు కొను, గుడ్డ కాదు.

సునీత_స్టీరింగ్
ఇంకోటి. పెయింట్ అయినా పాలిష్ అయినా, నట్లు కూర్చునే ఏటవాలు గుంటలనీ, హబ్‌కి ఆనే వెనక ముఖాన్నీ ముట్టుకోవద్దు. అక్కడ పెయింట్ పడితే అది నలిగి నట్లు వదులవుతాయి. బిగించాక యాభై, వంద కిలోమీటర్లు తిరిగి మళ్లీ ఒకసారి బిగింపు చూసుకోండి.

ఒరిజినల్_మూర్తి
సిల్వర్ షేడు కావాలంటే చెప్పండి. మేడ మీద వెతుకుతాను, పాత కలర్ కార్డులున్నాయి.

*(నెల తర్వాత)*

గోదావరి_వ్యాగన్
స్టెప్నీ రుద్దాను. మొదటి రోజు అందులో చూసుకుని మీసం దువ్వుకున్నాను, అబద్ధం కాదు. పద్దెనిమిదో రోజుకి రెండు వానలు పడ్డాయి, పాత సిల్వర్ గిన్నె అడుగులా అయింది. నాన్న మాత్రం అదే బాగుందంటున్నారు. దాన్ని అలాగే ఉంచేస్తున్నా. మిగతా నాలుగూ బాషా అన్న దగ్గరికి బస్సులో వేశాను. మెరుపు వద్దు, గుంటలు తీసి ప్రైమర్ దాకా చేసిస్తాడు. సిల్వర్ నేను కొట్టుకుంటా, మూర్తి గారి షేడే.

బఫ్_బాషా
చక్రాలు అందాయి. ఒకదానికి లోపలి అంచు కొంచెం వంగి ఉంది. గుంత దెబ్బ. వేడి చేసి కొట్టి సరిచేస్తామనేవాళ్లుంటారు, ఇవ్వకు. చల్లగానే మెల్లగా నొక్కించి చూస్తా, పగులు కనిపిస్తే మాత్రం చక్రం మార్చాల్సిందే.

ఒరిజినల్_మూర్తి
నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే.

డల్లాస్_రవి
మీరు చెప్పింది ఇది కాదు మూర్తి గారూ :)

సునీత_స్టీరింగ్
వ్యాగన్ గారూ, స్టెప్నీ రుద్దేటప్పుడు విప్పిన టైరు మళ్లీ అదే ఎక్కించారా? తేదీ ఎంత?

గోదావరి_వ్యాగన్
అదేనండీ, అసలు వాడలేదు, కొత్తదానిలా ఉంది. ఆగండి చూస్తా.
3106.

సునీత_స్టీరింగ్
2006లో 31వ వారం. మీ నాన్నగారు బండి కొన్నప్పటిది. రేపే తీసేయండి.