కొబ్బరికి తెల్లదోమ: మందు కొట్టాలా వద్దా?

లంకతోట:
నమస్కారం అండి. మాది పి.గన్నవరం దగ్గర, ఎకరంన్నర కొబ్బరి, మధ్యలో కోకో, గట్టు మీద అరటి. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి కింది మట్టల ఆకుల అడుగున తెల్లగా పట్టింది, వేలితో రుద్దితే మైనం అంటుకుంటోంది, గుడ్లు చుట్టలు చుట్టలుగా కనిపిస్తున్నాయి. కింద కోకో ఆకులన్నీ మసి. ఒళ్లంతా జిగురవుతోందని దింపు వాళ్లు చెట్టెక్కడానికి విసుక్కుంటున్నారు. పురుగుమందుల షాపాయనేమో ఒక డబ్బా చేతిలో పెట్టి వారానికోసారి కొట్టేయమన్నాడు, పక్క తోటాయన వేరుకి మందు పెట్టించాడట. మా నాన్నగారు మాత్రం "బొండాం తాగే చెట్టుకి మందేంట్రా" అని ఒప్పుకోవట్లేదు. చెట్లు పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

అంబాజీపేట రోడ్డు:
దీనివల్ల చెట్టు చావదండి, ముందు ఆ భయం వదిలెయ్యండి. ఇది సర్పిలాకార తెల్లదోమ. రసం పీల్చి తీపి జిగురు వదులుతుంది, దాని మీద నల్ల బూజు పెరిగి ఆకుకి ఎండ తగలనివ్వదు. మీ కోకో మీద మసి అదే. నేనూ మీ నాన్నగారి వైపే. దీన్ని తినే ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే బుల్లి కందిరీగ ఒకటుంది, కంటికి సరిగ్గా ఆనదు కూడా, అది దోమ పిల్లల్లో గుడ్డు పెడితే వాటి పిల్లలు లోపలి నుంచే తినేస్తాయి. మందు కొడితే దోమకంటే ముందు అది పోతుంది, దోమ మళ్లీ వస్తుంది. ఒక ఆకు కోసి ఎండలో తిరగేసి భూతద్దంతో చూడండి, తెల్ల పొలుసుల మధ్య నల్లబడినవి ఉన్నాయా, వాటికి గుండ్రటి సన్న బెజ్జం ఉందా? ఉంటే మీ తోటలో కందిరీగ దిగినట్టే. దోమ పట్టిన మట్టలు కదా అని నరికి తగలబెట్టకండి, కందిరీగలూ కాలిపోతాయి.

కౌలు రైతు:
చెప్పడానికి బాగానే ఉంటుందండి. తోట సొంతమైతే కందిరీగ కోసం ఎన్నాళ్లయినా చూడొచ్చు, మక్తా కట్టాల్సినవాడికి ప్రతి దింపూ లెక్కే. అలాగని నేను విషం కొట్టమనట్లేదు, చేతులు కట్టుకుని కూర్చోవద్దంటున్నానంతే. పవర్ స్ప్రేయర్‌తో ఒట్టి నీళ్లే ఆకు అడుగుకి తగిలేలా గట్టిగా కొట్టించండి, సగం దోమ అక్కడే రాలిపోతుంది. మరీ ఎక్కువుంటే లీటరుకి 5 మి.లీ. వేపనూనె, అది నీళ్లలో కలవడానికి కొంచెం సబ్బుపొడి. పసుపు జిగురు అట్టలు కూడా కట్టండి. పొడుగు చెట్లకి నీళ్లు అందవు, అది నిజమే, వాటిని వానలకి వదిలెయ్యడమే.

కడియం మొక్కలు:
ఈ దోమ మన దేశంలో మొదట 2016లో తమిళనాడు పొల్లాచ్చి వైపు కనపడింది, అదే ఏడాది చివరికి మా కడియం నర్సరీల్లోకి వచ్చేసింది. జామ, అరటి, ఆయిల్ పామ్, కుండీల్లో పెట్టే అలంకరణ మొక్కలు, ఏదైనా దీనికి ఒకటే. కాబట్టి ఎక్కడ మొక్క కొన్నా, మా దగ్గరైనా సరే, ఆకు తిరగేసి చూడకుండా బండెక్కించకండి. ఇంకోటి, దోమకి పట్టి చంపే ఐసేరియా అనే శిలీంధ్రం ఉంది, లీటరుకి 5 గ్రాములు, చల్లబడ్డాక సాయంత్రం కొట్టాలి, ఎండలో కొడితే డబ్బు దండగ. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడగండి, దోమని తినే అల్లిక రెక్కల పురుగు గుడ్లు దొరుకుతాయేమో కూడా అక్కడే కనుక్కోండి.

లంకతోట:
అందరికీ థాంక్స్ అండి. భూతద్దం పెట్టి చూశాను, కాలవ వైపు చెట్లలో నల్లవి బాగానే ఉన్నాయి, బెజ్జాలు కూడా. రోడ్డు వైపు చెట్లలో మాత్రం ఒక్కటీ లేదు. ఇక్కడి ఆకులు అక్కడ కట్టొచ్చా? కోకో మీద మసి సంగతేంటి?

అంబాజీపేట రోడ్డు:
కట్టొచ్చు, అలాగే చెయ్యాలి. నల్లవి ఎక్కువున్న ఆకులు కోసి, రోడ్డు వైపు చెట్ల కింది మట్టలకి పురికొసతో కట్టండి. మసికి లీటరు నీళ్లకి 10 గ్రాముల మైదా ఉడికించి, పల్చటి గంజి చేసి, వడకట్టి కొట్టండి, లేకపోతే నాజిల్ మూసుకుపోతుంది. ఎండకి ఆరాక పొరలు పొరలుగా మసితో సహా ఊడిపోతుంది. వాన లేని రోజు చూసుకోండి. వేరుకి మందు పెట్టించినాయన్ని మాత్రం కాయలు ఎప్పుడు దింపుతున్నాడో కనుక్కోండి, ఆ తోట బొండాలు కొన్నాళ్లు మీ ఇంటికి రాకుండా చూసుకోండి.