పది గిగాహెర్ట్‌జ్ రిసీవర్‌లో ఐ-క్యూ విభజన ఎక్కడ చేయాలి?

హనుమకొండ_డాబా:
పెద్దలకు నమస్కారం. హామ్ రేడియో వాళ్లు వాడే క్యూఓ-100 ఉపగ్రహం నుంచి 10489.5, 10490 మెగాహెర్ట్‌జ్‌ల మధ్య వచ్చే న్యారోబ్యాండ్ సంకేతాలను వినడానికి ఒక క్వాడ్రేచర్ రిసీవర్‌ను (సంకేతాన్ని తొంభై డిగ్రీల తేడా ఉన్న ఐ, క్యూ అనే రెండు భాగాలుగా విడదీసేది) సొంతంగా తయారు చేయాలనుకుంటున్నాను. లోకల్ ఆసిలేటర్‌ను (సంకేతంతో మిక్సర్‌లో కలపడానికి రిసీవర్‌లోనే తరంగం పుట్టించేది) నేరుగా 10.49 గిగాహెర్ట్‌జ్ వద్దనే నడిపి, తొంభై డిగ్రీల తేడాతో రెండుగా చీల్చి, రెండు మిక్సర్ల నుంచి వచ్చే ఐ, క్యూలను లాప్‌టాప్ సౌండ్‌కార్డుకు ఇస్తే ఐఎఫ్ (మధ్యంతర ఫ్రీక్వెన్సీ) దశల బెడద ఉండదని నా ఆలోచన. మామూలు ఎఫ్ఆర్-4 (ఫైబర్‌గ్లాస్) సర్క్యూట్ బోర్డు మీద ఇది కుదురుతుందా? ఇమేజ్, అంటే ఆసిలేటర్‌కు అవతలి వైపు నుంచి వచ్చి మీద పడే అక్కరలేని సంకేతం, ఎంతవరకు అణగుతుంది?

మానేరు_తరంగం:
తమ్ముడూ, ఆలోచన బాగుంది కానీ చోటు సరైనది కాదు. ఐ, క్యూల మధ్య ఫేజ్‌లో ఒక డిగ్రీ, గెయిన్‌లో 0.1 డెసిబెల్ తేడా ఉన్నా ఇమేజ్ దాదాపు 40 డెసిబెల్‌లు అణగుతుంది. ఈ ఉపగ్రహం మీద ఎవరూ బీకన్ (ఉపగ్రహం నుంచి నిరంతరం వచ్చే గుర్తు సంకేతం) కంటే బలంగా రాకూడదన్న నియమం ఉంది కనుక మనకు అంతకంటే ఎక్కువ అవసరమూ లేదు. చిక్కల్లా ఆ ఒక్క డిగ్రీతోనే. ఎఫ్ఆర్-4 మైక్రోస్ట్రిప్‌లో (బోర్డు మీది రాగి గీతలో) ఈ తరంగం పొడవు సుమారు 16 మిల్లీమీటర్లు, అందులో డిగ్రీ అంటే 0.044 మిల్లీమీటరు. ఇంట్లో ఎచింగ్ చేసిన గీత అంచు అంతకంటే ఎక్కువే కొరుక్కుపోతుంది, మిక్సర్ కాలి దగ్గర సోల్డర్ కాస్త ఎక్కువైనా లెక్క మారుతుంది.

కాబట్టి 9750 మెగాహెర్ట్‌జ్ ఆసిలేటర్ ఉన్న డిష్ ఎల్ఎన్‌బీతో (డిష్ ముందు ఉండి, సంకేతాన్ని పెంచి ఫ్రీక్వెన్సీ దించే పెట్టె) సంకేతాన్ని 739.5–740కి దించండి. అక్కడి నుంచి 712 మెగాహెర్ట్‌జ్‌తో కలిపి 28కి తెచ్చి, విభజన అక్కడ చేయండి. 112 మెగాహెర్ట్‌జ్ క్లాక్‌ను రెండు డీ ఫ్లిప్‌ఫ్లాప్ లాజిక్ సర్క్యూట్‌లతో నాలుగోవంతు చేస్తే తొంభై డిగ్రీలు లాజిక్ నుంచే వస్తాయి, గీత పొడవును బట్టి రావు. 712తో కలిపే రెండో మిక్సర్ ముందు, దానికి ఇమేజ్ అయిన 684 మెగాహెర్ట్‌జ్‌ను ఆపే ఫిల్టర్ మాత్రం మానవద్దు. లేకపోతే ఎల్ఎన్‌బీ నాయిస్ రెండు వైపుల నుంచీ వచ్చి పడి 3 డెసిబెల్‌ల వరకు నష్టపోతారు.

రామగుండం_రేడియో:
ఇమేజ్ సంగతి అలా ఉంచితే, మన వైపు అసలు తలనొప్పి ఎండ. పీఎల్ఎల్ (ఆసిలేటర్‌ను క్రిస్టల్‌కు కట్టిపడేసే సర్క్యూట్) ఉన్న ఎల్ఎన్‌బీలో 25 మెగాహెర్ట్‌జ్ క్రిస్టల్‌ను 390 రెట్లు చేస్తే 9750 వస్తుంది కనుక, క్రిస్టల్ పది లక్షల్లో ఒక వంతు జరిగినా సంకేతం 9.75 కిలోహెర్ట్‌జ్ జరుగుతుంది. ఎస్ఎస్‌బీ (ఒకే సైడ్‌బ్యాండ్) మాట సంకేతం వెడల్పే 2.7 కిలోహెర్ట్‌జ్! ఈ ఉపగ్రహం 25.9 డిగ్రీల తూర్పున ఉంది కనుక మన ప్రాంతంలో డిష్ పడమరకు, కాస్త దక్షిణంగా, సుమారు 26 డిగ్రీల ఎత్తుకు తిరిగి ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం మూడు దాటితే ఎల్ఎన్‌బీ కాలిపోతుంటుంది. క్రిస్టల్ తీసేసి టీసీఎక్స్‌ఓ (వేడి మార్పును సరిదిద్దుకునే క్రిస్టల్ ఆసిలేటర్) నుంచి 25 మెగాహెర్ట్‌జ్ ఇవ్వండి, లేదా 10489.750 వద్ద ఉన్న బీకన్‌కు సాఫ్ట్‌వేర్‌లో లాక్ చేయండి.

హనుమకొండ_డాబా:
అన్నగార్లకు ధన్యవాదాలు. ఆర్820టీ ట్యూనర్ ఉన్న యూఎస్‌బీ రేడియో డాంగిల్ 740 మెగాహెర్ట్‌జ్‌ను నేరుగా అందుకుంటుంది కదా, ఇక 28కి దించడం ఎందుకు?

మానేరు_తరంగం:
వినడమే ముఖ్యమైతే అవసరం లేదు. అందులో 28.8 మెగాహెర్ట్‌జ్ వేగంతో అంకెలుగా మార్చిన తరువాతే ఐ, క్యూలు గణితంతో వస్తాయి, కాబట్టి అక్కడ ఫేజ్ తప్పు పుట్టదు. ఎనిమిది బిట్లే కావడం ఒక్కటే లోటు. పైగా అర మెగాహెర్ట్‌జ్ మొత్తం ఒకేసారి కనిపిస్తుంది, 192 కిలోహెర్ట్‌జ్ సౌండ్‌కార్డులో సగం కూడా కనిపించదు. కానీ క్వాడ్రేచర్ ఎలా పనిచేస్తుందో చేత్తో నేర్చుకోవాలంటే 28 మెగాహెర్ట్‌జ్ బోర్డే కట్టండి. తెర నడుమ డీసీ ముల్లు (సున్నా ఫ్రీక్వెన్సీ వద్ద నిలిచే గీత), పక్కనే కరెంటు సరఫరా నుంచి వచ్చే యాభై హెర్ట్‌జ్ హమ్ కనిపిస్తాయి. ట్యూనింగ్‌ను పది కిలోహెర్ట్‌జ్ పక్కకు పెట్టుకుంటే వాటి గొడవ ఉండదు. మాట అర్థం కాకుండా ఉండి, ట్యూన్ చేసినప్పుడు సంకేతాలు ఎదురు దిక్కుకు కదిలితే సౌండ్‌కార్డు దగ్గర ఐ, క్యూ తీగలు తారుమారు చేసి చూడండి.