రాని పేషెంట్‌కి మనమే ఫోన్ చేస్తే తప్పా?

చిన్నక్లినిక్:
సొంతంగా చిన్న క్లినిక్ నడుపుతున్నాను. మొన్న తీరిక దొరికి పాత ఫైళ్ళు తిరగేస్తే, షుగర్, బీపీ ఉన్నవాళ్ళలో చాలామంది ఏడాదిగా ఇటువైపు రాలేదని తెలిసింది. వీళ్ళకి ఫోన్ చేయించాలా, మెసేజ్ పెట్టాలా, ఊరుకోవాలా? మా ఆవిడా డాక్టరే. "పిలిచి మరీ రమ్మంటే మనకి బేరాల్లేవనుకుంటారు" అంటోంది. మీరేమంటారు?

మొండిఘటం:
మేడమ్‌గారి మాటే రైటు. నేను డాక్టర్ని కాను, పేషెంట్‌ని. జబ్బు నాది, గుర్తుపెట్టుకోవాల్సింది నేను. మూడేళ్ళ కిందట ఒంటి మీద దద్దుర్లొస్తే ఒకచోట చూపించుకున్నాను, వారంలో తగ్గిపోయింది. ఇప్పటికీ ఆ క్లినిక్ నుంచి ఏటా పుట్టినరోజు శుభాకాంక్షలు వస్తున్నాయి. మా తమ్ముడు మర్చిపోతాడు గానీ వాళ్ళు మర్చిపోరు.

తోకచుక్క:
కింద డిస్కౌంట్ కూడా ఉండుంటుందే!

మొండిఘటం:
ఉంది. జుట్టు రాలకుండా చేసే ట్రీట్‌మెంట్‌కి. నాకు రాలడానికి మిగిలిందేమీ లేదు.

చిన్నక్లినిక్:
పుట్టినరోజు మాట నేనెత్తలేదండీ. హెచ్‌బీఏ1సీ పరీక్ష గడిచిన రెండు మూడు నెలల షుగర్ సగటు చెబుతుంది. షుగర్ అదుపులో ఉన్నవాళ్ళు కూడా ఏడాదికి రెండుసార్లయినా అది చేయించుకోవాలి, మందు మారిస్తే మూడు నెలలకోసారి. బీపీ సంగతి మరీ ఘోరం. చాలామందికి తలనొప్పి కూడా ఉండదు, లోపల మాత్రం కిడ్నీలు, కంటి రెటీనా దెబ్బతింటూ ఉంటాయి. బాగానే ఉన్నాను కదా అని మందు మానేస్తారు. "నేనే గుర్తుపెట్టుకుంటా" అనేది బాధపెట్టే జబ్బుకి చెల్లుతుంది. వీటికి చెల్లదు.

పంటిగాటు:
నేను దంతవైద్యుణ్ణి, నా తప్పు నేను చెప్పేస్తా. అందరికీ ఆర్నెల్లకోసారి రమ్మని మెసేజ్ వెళ్ళేది, చిగుళ్ళు రాయిలా ఉన్నవాళ్ళకి కూడా. సాఫ్ట్‌వేర్‌లో ఆ గడి అలా నింపి ఉంది, మార్చాలని తోచలేదు. బ్రిటన్‌లో వైద్యానికి మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2004లోనే చెప్పింది, పెద్దవాళ్ళని వాళ్ళ వాళ్ళ రిస్కు చూసి మూడు నెలల నుంచి రెండేళ్ళ లోపు ఎప్పుడైనా రమ్మనొచ్చని.

మొండిఘటం:
చూశారా, లోపలి మనిషే ఒప్పుకున్నాడు. మరి పుట్టినరోజు సంగతి?

చిన్నక్లినిక్:
మళ్ళీ అదేనా! మెసేజ్ వల్ల ఉపయోగం ఉందండీ. వైద్య పరిశోధనల్ని సమీక్షించే కాక్రేన్ సంస్థ వాళ్ళు 2013లో, జరిగిన ప్రయోగాలన్నీ పోగేసి చూస్తే, ఏమీ గుర్తుచేయనప్పటి కంటే మెసేజ్ పెట్టినప్పుడు ఎక్కువమంది వచ్చారు. ఫోన్ చేసినా దాదాపు అంతే.

పంటిగాటు:
అది అపాయింట్‌మెంట్ తీసుకుని మర్చిపోయేవాళ్ళ గురించి సార్. మీరడిగింది అసలు తీసుకోనివాళ్ళ గురించి. రెండూ ఒకటి కాదు.

రిసెప్షన్‌కుర్చీ:
ఆ ఫోన్లు చేసేది నాలాంటి వాళ్ళం కాబట్టి ఒక మాట. ఇదివరకు మానసిక వైద్యం చేసే క్లినిక్‌లో పనిచేశాను. ఒకావిడ రెండుసార్లు రాకపోతే ఫోన్ చేశాను. వాళ్ళ మామగారు ఎత్తి, ఎక్కడినుంచి అన్నారు. క్లినిక్ పేరు చెప్పేశాను. పేరులోనే అంతా ఉంది. ఆవిడ ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. మర్నాడు వచ్చి కౌంటర్ ముందు నిలబడింది. తిట్టలేదు. ఫైలు ఇవ్వమంది, తీసుకుని వెళ్ళిపోయింది. అప్పట్నుంచి మనిషి లైన్లోకి వచ్చేదాకా క్లినిక్ పేరు నా నోట రాదు. కొత్తవాళ్ళు రాగానే "ఈ నంబరు మీదేనా, ఫోన్ చేయొచ్చా, మెసేజ్ పెట్టొచ్చా" అని అడిగి రాసుకుంటాను.

ఇక రాని పేషెంట్ల దగ్గర నేను ముందు అడిగేది ఒక్కటే, "వేరేచోట చూపించుకుంటున్నారా?" అని. అవునంటే, రికార్డు కాపీ కావాలేమో కనుక్కుని లిస్టులో పేరు కొట్టేస్తాను. మందులే మానేశామంటే అప్పుడు డాక్టరుగారికి చెబుతాను.

చిన్నక్లినిక్:
బాగుందమ్మా! కాపీ చేతిలో పెట్టి సాగనంపడానికేనా నేను ఫోన్ చేయించేది?

మొండిఘటం:
అదీ! ఇప్పుడు బయటపడింది. రెటీనా, కిడ్నీ అని ఇందాకటిదాకా పాఠం చెప్పారు. మీ బెంగ జబ్బు గురించి కాదు, పోయిన పేషెంట్ల గురించి.

చిన్నక్లినిక్:
నోరు అదుపులో పెట్టుకోండి. ఆ లిస్టులో ఒకాయన పదకొండేళ్ళు నా దగ్గరికి వచ్చారు. వాళ్ళమ్మగారికి అర్ధరాత్రి ఆయాసం వస్తే ఇంటికెళ్ళి చూశాను. ఇప్పుడు కొత్తగా పెట్టిన పెద్ద సెంటర్‌కి వెళ్తున్నారని మందుల షాపతను చెబితే తెలిసింది. వెళ్ళొద్దనలేదు. ఒక్క మాట చెప్పి వెళ్తే ఏం పోయింది? అవును, ఎందుకు మానేశారో తెలుసుకోవాలని ఉంది. తప్పా?

మొండిఘటం:
తప్పని కాదు. కానీ ఆ జవాబు చెప్పాల్సిన బాధ్యత ఆయనకి లేదు. నేనూ ఒక డాక్టర్ని అలాగే వదిలేశాను, ఎనిమిదేళ్ళ తర్వాత. ఫోన్ చేయలేదని కాదు. బయాప్సీ రిపోర్టు వారంలో వస్తుంది, చెబుతామన్నారు. పందొమ్మిది రోజులు ఎదురుచూశాను. చివరికి నేనే వెళ్ళి అడిగితే "ఓ, అదా, ఏం లేదు, వచ్చి చాలా రోజులైంది" అన్నారు. ఆ పందొమ్మిది రోజుల మధ్యలోనే నా పుట్టినరోజు. శుభాకాంక్షలు టైముకి వచ్చాయి.

తోకచుక్క:
దద్దుర్ల క్లినిక్ కాదా అది?

మొండిఘటం:
ఇది వేరు. అందుకే నాకా మెసేజ్ చూస్తే ఒళ్ళు మండేది.

పంటిగాటు:
ఇది ముందే చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు గదండీ.

రిసెప్షన్‌కుర్చీ:
సార్, రిపోర్టులకి నా దగ్గర వేరే నోట్‌బుక్ ఉంది. పంపిన తేదీ, వచ్చిన తేదీ, పేషెంట్‌కి చెప్పిన తేదీ. మూడో గడి ఖాళీగా ఉంటే ఇంటికెళ్ళబుద్ధి కాదు. రానివాళ్ళ లిస్టు దాని తర్వాతే.

చిన్నక్లినిక్ (రెండు రోజుల తర్వాత):
నిన్న ముగ్గురికి నేనే చేశాను. ఒకరు ఎత్తలేదు. రెండోది ఆ పదకొండేళ్ళాయనే. కాపీ కావాలా అన్నాను, కావాలన్నారు. ఎందుకు మానేశారని అడగబోయి ఊరుకున్నాను. మూడో ఆవిడ బీపీ మందు మానేసి ఐదు నెలలట. ఇవాళ వస్తానంది.

మొండిఘటం:
వచ్చిందా?

చిన్నక్లినిక్:
ఇంకా లేదు. సాయంత్రం ఎనిమిది దాకా ఉంటాను.